ఇవ్వని నాలుగు లక్షల డాలర్లు

వాదించుకుంటున్నది మేనమామ, మేనకోడలు. ఇద్దరిదీ సిడ్నీ పడమటి శివారే. ఆయన చాలాకాలంగా తెలుగు సంఘాల్లో తిరిగినవాడు. ఉగాదికీ దీపావళికీ ఎంపీలను పిలిచి శాలువాలు కప్పడం, హాలు అద్దెకు స్పాన్సర్లను వెతకడం ఆయనకు బాగా తెలిసిన పని. ఆమె ఆడిటర్. డబ్బు ఎవరి చేతినుంచి బయలుదేరి ఎవరి చేతికి చేరిందో కాగితాల్లో వెతకడమే ఆమె ఉద్యోగం.

వాదన హువాంగ్ షియాంగ్‌మో గురించి. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో 1969లో పుట్టి, షెన్‌జెన్‌లో యూహూ గ్రూప్ పేరుతో రియల్ ఎస్టేట్‌లో కోట్లు గడించి, 2011 ప్రాంతంలో సిడ్నీ వచ్చి స్థిరపడిన వ్యాపారి ఆయన. ఆయనా ఆయన సన్నిహితులూ కలిసి ఆస్ట్రేలియాలోని రెండు పెద్ద పార్టీలకు దాదాపు 27 లక్షల డాలర్లు ఇచ్చారని 2017లో అక్కడి పత్రికలు, ఏబీసీ టీవీ లెక్క తేల్చాయి. మరుసటి ఏడాది డిసెంబరులో ప్రభుత్వం ఆయన శాశ్వత నివాస హక్కును రద్దు చేసింది. ఈ వ్యవహారంలో నా మొగ్గు మేనకోడలి వైపు. అయినా మామయ్య మాటల్లో కొట్టిపారేయలేనివి చాలా ఉన్నాయి. అందుకే ఇద్దరి మాటలూ రాస్తున్నాను.

మామయ్య: మనిషి గడప దాటేదాకా ఆగి తలుపేసుకున్నారమ్మా. ఆయన విదేశంలో ఉండగా వీసా రద్దు చేశారు, పౌరసత్వం అర్జీ తోసిపుచ్చారు. కేసు పెట్టారా? బోనెక్కించారా? నడత సరిగా లేదన్నారు, అంతే. ఎవరా మాట అన్నది? అప్పటిదాకా ఆయన డబ్బు పుచ్చుకున్నవాళ్ళు. ప్రధానులు అబాట్, టర్న్‌బుల్, ప్రతిపక్ష నేత షార్టెన్, వీళ్ళలో ఆయన పక్కన నిలబడి ఫొటో దిగనివాడు ఒక్కడున్నాడా?

మేనకోడలు: తీసుకున్నవాళ్ళు మంచివాళ్ళని నేననలేదు మామయ్యా. వాళ్ళ గురించి మీకంటే గట్టిగా అంటాను. 2015లోనే నిఘా సంస్థ ఆసియో అధిపతి డంకన్ లూయిస్ పార్టీల పెద్దలకు చెప్పాడు, ఈ చైనా దాతలతో జాగ్రత్తగా ఉండమని. విన్నారు, తలూపారు, ఆ తర్వాత కూడా చెక్కులు తీసుకున్నారు. అది వాళ్ళ పాపం. దానివల్ల ఇచ్చినవాడి ఉద్దేశం శుభ్రమైపోదు.

మామయ్య: ఉద్దేశం నువ్వెలా చూశావు? నాకు కనబడేది ఆయన చేసిన పని. సిడ్నీ టెక్నాలజీ యూనివర్సిటీలో 2014లో ఆస్ట్రేలియా–చైనా సంబంధాల అధ్యయన సంస్థ పెట్టడానికి 18 లక్షలిచ్చాడు. మన పక్కనున్న వెస్టర్న్ సిడ్నీ యూనివర్సిటీకి 35 లక్షలిచ్చాడు. అప్పటి చట్టం ఈ దేశంలో విదేశీ డబ్బును కూడా పార్టీలకు తీసుకోనిచ్చింది. చట్టం ఒప్పుకున్న పని చేసినవాణ్ణి, చట్టం మార్చాక దొంగ అంటే ఎలా?

మేనకోడలు: ఆ మొదటి సంస్థకు డైరెక్టరుగా వచ్చిందెవరు? బాబ్ కార్. అంతకు ముందు ఏడాదే దేశానికి విదేశాంగ మంత్రి. దాని ఛైర్మన్ హువాంగే. దక్షిణ చైనా సముద్రం గురించి, తైవాన్ గురించి దేశం ఏం ఆలోచించాలో చెప్పే పరిశోధన సంస్థ, ఒక వ్యాపారి డబ్బుతో, ఆయన అధ్యక్షతన నడిచింది. ఆ వ్యాపారి మరో సంస్థకూ అధ్యక్షుడు. దాని పేరు చైనా శాంతియుత పునరేకీకరణ మండలి. తైవాన్ బీజింగ్ చేతికి రావాలనే లక్ష్యంతో దేశదేశాల్లో పెట్టిన మండళ్ళలో అదొకటి. ఇవన్నీ విడివిడిగా చూస్తే మీరన్నట్టు దానధర్మాలే. ఒకే కాగితం మీద రాసి చూడండి.

మామయ్య: వ్యాపారికి సొంత దేశం మీద ప్రేమ ఉండకూడదా? నాకు లేదా? ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాను, అక్కడ ఏలూరు గురించి పలవరిస్తాను. రేపు నన్నూ అలాగే ఒక కాగితం మీద రాసి చూస్తారేమో.

మేనకోడలు: మీరు ఏలూరు గురించి పలవరించండి. అందుకోసం ఎవరి నోరూ కట్టెయ్యడం లేదుగా. ఆ నాలుగు లక్షల సంగతి చెప్పమంటారా?

ఇక్కడ నేను కాస్త ఆగాలి. హువాంగ్ కథలో అందరికీ గుర్తుండిపోయేది సంచిలో తెచ్చిన నోట్లు. దాని దగ్గరికి తర్వాత వస్తాం. అంతకంటే ముఖ్యమైనదని నాకనిపించేది చేతులు మారని డబ్బు. అది 2016 జూన్‌లో జరిగింది. జూలై 2న దేశమంతా ఎన్నికలు. ప్రతిపక్ష లేబర్ పార్టీకి 4 లక్షల డాలర్లు ఇస్తానని హువాంగ్ మాటిచ్చి ఉన్నాడు. ఆ పార్టీలో రక్షణ వ్యవహారాలు చూసే స్టీఫెన్ కాన్‌రాయ్ జూన్ 16న జాతీయ ప్రెస్ క్లబ్బులో మాట్లాడుతూ, దక్షిణ చైనా సముద్రంలో చైనా తీరు తప్పని గట్టిగా విమర్శించాడు. హువాంగ్ ఆ నాలుగు లక్షలు ఇవ్వనన్నాడు. ఆ మర్నాడు, జూన్ 17న, అదే పార్టీ సెనేటర్ శామ్ డస్ట్యారీ చైనా భాషా పత్రికల వాళ్ళను పిలిచి, హువాంగ్‌ను పక్కన నిలబెట్టుకుని, ఆ సముద్రం సంగతి చైనా సొంత వ్యవహారమనీ, ఆస్ట్రేలియా దాన్ని గౌరవించాలనీ చెప్పాడు. అది సొంత పార్టీ విధానానికి పూర్తి వ్యతిరేకం. ఆ మాటల రికార్డింగ్ 2017 నవంబరులో బయటికొచ్చింది. డిసెంబరు 12న డస్ట్యారీ రాజీనామా ప్రకటించాడు.

మేనకోడలు: 27 లక్షలు ఇచ్చినప్పుడు తెలియని సంగతి, 4 లక్షలు ఆపినప్పుడు తెలిసింది మామయ్యా. ఊరికే ఇచ్చినవాడు ఎదుటివాడి ఉపన్యాసం నచ్చలేదని ఆపడు. ఒకసారి అలా ఆపాడంటే, అంతకు ముందు ఇచ్చినవన్నీ ఏ లెక్కన ఇచ్చాడో వెనక్కి చదువుకోవచ్చు.

మామయ్య: అది అన్యాయం. నచ్చిన పార్టీకి ఇస్తాం, నచ్చని మాటన్నప్పుడు మానేస్తాం. గనుల వాళ్ళు పన్నులు నచ్చకపోతే మానెయ్యరా? కార్మిక సంఘాలు మానెయ్యవా? వాళ్ళు మానేస్తే ప్రజాస్వామ్యం, చైనా పేరున్నవాడు మానేస్తే కుట్రా?

మేనకోడలు: గనుల వాళ్ళదీ నాకు ఇష్టం లేదు. కానీ వాళ్ళ బేరం ఇక్కడి పన్ను గురించి, ఇక్కడి పార్లమెంటుతో. ఈయన బేరం ఇంకో దేశపు యుద్ధనౌకలు ఎక్కడ తిరగాలనే దాని గురించి. ఆ సముద్రం మీద ఫిలిప్పీన్స్ వేసిన కేసులో హేగ్ ట్రిబ్యునల్ తీర్పు రావడానికి నెల కూడా లేదు అప్పటికి. ఆస్ట్రేలియా ప్రతిపక్షం ఆ వారంలో ఏమంటుందనేది చిన్న విషయమా? రియల్ ఎస్టేట్ వ్యాపారికి అందులో ఏ స్థలం కలిసొస్తుంది?

మామయ్య కాసేపు మాట్లాడలేదు. ఈ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదని నా అభిప్రాయం. కానీ ఆయన వదిలిపెట్టే మనిషి కాదు. డస్ట్యారీ పేరు పట్టుకున్నాడు.

మామయ్య: ఆ కుర్రాడి సంగతి తలుచుకుంటే నాకు బాధేస్తుంది. ఇరాన్‌లో పుట్టాడు. అమ్మానాన్నలతో చిన్నప్పుడే వచ్చాడు, 30 ఏళ్ళకే సెనేటరయ్యాడు. మనలాంటివాళ్ళ పిల్లలు అక్కడిదాకా వెళ్ళగలరని చూపించినవాడు. ఒక వకీలు బిల్లు 5 వేలు యూహూ కట్టింది, ఒక ప్రయాణ ఖర్చు 1,670 డాలర్లు ఇంకో చైనా దాత విద్యాసంస్థ కట్టింది. ఆ 1,670 దగ్గర మొదలై మనిషి కూలిపోయాడు. ఎన్ని లక్షలు మింగినవాళ్ళు హాయిగా ఉన్నారు!

మేనకోడలు: 1,670 చిన్న మొత్తమే. ఆ చిన్న ఖర్చును కూడా ఇంకొకరి చేత కట్టించుకోవడానికి అలవాటు పడ్డాడు చూడండి, అక్కడ నాకు భయం వేస్తుంది. 2016 అక్టోబరులో హువాంగ్ ఇంటికి వెళ్ళి, మీ ఫోన్ మీద నిఘా ఉండొచ్చు, ఫోన్లు లోపల పెట్టి బయట మాట్లాడుకుందాం అన్నాడని తర్వాత తేలింది. సెనేటరు మామయ్యా! సొంత దేశపు నిఘా సంస్థ నుంచి దాతను కాపాడబోయాడు. ఆ కుర్రాణ్ణి చూసి నాకూ బాధే. అతణ్ణి అంత దూరం తీసుకెళ్ళింది ఎవరని అడుగుతున్నాను.

మామయ్య: పార్టీ తీసుకెళ్ళింది. నిధులు తెచ్చేవాడే మొనగాడనే పార్టీ. న్యూసౌత్‌వేల్స్ లేబర్ శాఖలో పైకి రావాలంటే డబ్బు తేవాలి, అతను తెచ్చాడు.

మేనకోడలు: ఆ శాఖే అన్నారు కాబట్టి సంచి సంగతికి వద్దాం. అక్కడ చట్టం అప్పటికే ఉంది. న్యూసౌత్‌వేల్స్‌లో రియల్ ఎస్టేట్ డెవలపర్లు పార్టీలకు చందా ఇవ్వకూడదని 2009లో నిషేధించారు. హైకోర్టు, అంటే ఇక్కడి అత్యున్నత న్యాయస్థానం, 2015లో దాన్ని సమర్థించింది. అదే 2015 మార్చిలో చైనాటౌన్‌లో లేబర్ పార్టీ విందు. కొన్నాళ్ళకు ససెక్స్ వీధిలోని పార్టీ కార్యాలయానికి ఆల్డీ దుకాణం సంచిలో లక్ష డాలర్ల నోట్లు వచ్చాయి. పుస్తకాల్లో ఆ లక్ష పన్నెండు పేర్ల మీద పంచి రాశారు. బినామీలు. వాళ్ళలో రెస్టారెంటు పనివాళ్ళున్నారు. రాష్ట్ర అవినీతి నిరోధక కమిషన్ 2019లో బహిరంగ విచారణ జరిపి, 2022 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఆ డబ్బు అసలు దాత హువాంగ్ అని తేల్చింది. చట్టం ఒప్పుకున్న పని చేశాడన్నారే, ఇది ఏ చట్టం ఒప్పుకుంది?

మామయ్య: దాన్ని నేను సమర్థించను.

మేనకోడలు: ఆ పనివాళ్ళను తలుచుకోండి. గంటల లెక్కన జీతం తీసుకునే మనిషి అయిదేసి వేలు పార్టీకి చందా ఇచ్చానని సంతకం పెట్టాడు. యజమానో, పెద్దమనిషో పెట్టమంటే పెట్టాడు. పట్టుబడ్డాక కమిషన్ ముందు చెమటలు పట్టింది వాళ్ళకు. వలస వచ్చిన బీదవాడి పేరును కిరాయికి తీసుకున్నారు మామయ్యా. చైనా సమాజానికి గొంతునిచ్చాడని మీరనే పెద్దమనిషి కోసం.

ఆడిటర్ కాబట్టి ఈ మాట ఆమె నోట ఇంత పదునుగా వచ్చిందనుకోను. ఆ సంతకాల వెనక మనుషులను ఆమె చూస్తోంది.

మామయ్య: సరే, సంచి తప్పు. కానీ ఆ సంచిని లోపలికి తీసుకున్నవాళ్ళు? పార్టీ రాష్ట్ర కార్యదర్శికి 2016లోనే ఆ చందా ఎవరిదో చెవిన పడింది. మూడేళ్ళు నోరు మెదపలేదు. ఇప్పుడు నేను చెప్పేది విను. ఇందులో పడి నలిగింది ఎవరు? హువాంగ్ కాదు. ఆయన హాంగ్‌కాంగ్‌లో ఉన్నాడు. పన్నుల శాఖ 14 కోట్ల డాలర్లు కట్టాలని 2019లో కోర్టుకెళ్ళినప్పటికీ ఆయన ఇక్కడ లేడు. నలిగింది ఇక్కడ మిగిలినవాళ్ళు. 2017 డిసెంబరులో ప్రధాని టర్న్‌బుల్ కొత్త చట్టాలు తెస్తూ, ఆస్ట్రేలియా ప్రజలు లేచి నిలబడ్డారని చైనా భాషలో అన్నాడు. మావో మాటగా అందరూ చెప్పుకునేదాన్ని తిప్పి అన్నాడు. నా పక్కింటి చైనా ఆవిడ అడిగింది నన్ను, ఆ ప్రజల్లో నేను లేనా అని. నేనేం చెప్పాలి?

మేనకోడలు: ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మామయ్య: 2020 అక్టోబరులో సెనేట్ కమిటీ ముందుకు వలస సమాజాల కష్టాలు చెప్పడానికి ముగ్గురు చైనా మూలాలవాళ్ళు వెళ్తే, ఎరిక్ అబెట్జ్ అనే సెనేటర్ వాళ్ళను ఏమడిగాడు? చైనా కమ్యూనిస్టు పార్టీని ఖండిస్తారా లేదా చెప్పమన్నాడు. ఇక్కడే పుట్టిన పిల్లవాణ్ణి! రేపు మన పిల్లలు అలా కూర్చుంటే, ఢిల్లీలో ఉన్న ప్రభుత్వం గురించి ముందు ప్రమాణం చెయ్యమంటే? ఇంకో మాట. చావ్ చక్ వింగ్ సంగతి చూడు. దశాబ్దాలుగా ఇక్కడి పౌరుడు. సిడ్నీ టెక్నాలజీ యూనివర్సిటీలో ఫ్రాంక్ గెహ్రీ గీసిన కట్టడానికి 2 కోట్లిచ్చాడు, సిడ్నీ యూనివర్సిటీ మ్యూజియానికి కోటిన్నర ఇచ్చాడు. హువాంగ్‌తో కలిపి ఆయన పేరూ అన్ని చోట్లా రాశారు. కోర్టుకెళ్ళాడు. 2019లో 2 లక్షల 80 వేలు, 2021లో 5 లక్షల 90 వేలు పరువు నష్టం కింద గెలిచాడు. డబ్బున్నవాడు కాబట్టి గెలిచాడు. లేనివాడు ఎక్కడికెళ్ళి గెలవాలి?

ఇది మామయ్య వాదనలో గట్టి రాయి. దీన్ని పక్కకు నెట్టి ముందుకు పోవడం కుదరదు. అనుమానం పేరును చూసి మొదలైతే, అసలు తప్పు చేసినవాణ్ణి పట్టుకునే బలం కూడా ఆ అనుమానానికి పోతుంది.

మేనకోడలు: ఒప్పుకుంటున్నాను. అబెట్జ్ చేసింది తప్పు. కానీ మీ పక్కింటావిడకు హువాంగ్ ఏం చేశాడో కూడా చూడండి. 2016 జనాభా లెక్కల ప్రకారం చైనా మూలాలు చెప్పుకున్నవాళ్ళు ఈ దేశంలో 12 లక్షల పైచిలుకు. వాళ్ళంతా ఒక్కటా? మలేసియా నుంచి వచ్చినవాళ్ళున్నారు, వియత్నాం నుంచి పడవల్లో వచ్చినవాళ్ళున్నారు, తైవాన్ వాళ్ళున్నారు. 1989లో తియానన్మెన్ తర్వాత ప్రధాని బాబ్ హాక్ కన్నీళ్ళు పెట్టుకుని, ఇక్కడున్న చైనా విద్యార్థులను ఉండిపోనిస్తానన్నాడు. వాళ్ళూ కుటుంబాలూ కలిసి సుమారు 42 వేల మంది అలా నిలిచారు. ఆ పాలకుల నుంచి తప్పించుకుని వచ్చిన మనుషులు! వాళ్ళందరి తరఫునా మాట్లాడేవాణ్ణి నేనేనని, డబ్బుతో, ముందు వరసలో కుర్చీ కొనుక్కున్నాడు హువాంగ్. మంత్రులకు చైనా సమాజం అంటే ఆ ఒక్క కుర్చీయే కనపడింది. బీజింగ్‌ను కాదనే చైనా మనిషి ఆ గదిలోకి రాలేకపోయాడు.

మామయ్య: అది ఆయన ఒక్కడి తప్పు కాదమ్మా, అన్ని సంఘాల్లోనూ అంతే. ఆయనే 2016లో చైనా పత్రిక గ్లోబల్ టైమ్స్‌లో రాశాడు, రాజకీయ చందాలిచ్చి మన కోరికలు సాధించుకోవడం ఇక్కడి చైనా వాళ్ళకు ఇంకా చేతకావడం లేదని. నిజమే కదా. మనకు మాత్రం చేతనయిందా? ఎన్నికల ముందు వచ్చి పులిహోర తిని, నమస్తే అని వెళ్తారు. ఇచ్చినదానికి ఒక మాట అడగడం నేరమా?

మేనకోడలు: ఆ వ్యాసం నాకు ఆయన చేతిరాతతో ఇచ్చిన వాంగ్మూలంలా ఉంది. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం రాస్తాం. ఎవరు ఎంత ఇచ్చారో పదిమంది వింటుండగా చదువుతాం, వాళ్ళింట్లో పెళ్ళికి అంత తిరిగి పెడతాం. అక్కడ రుణం బాహాటం, ఇద్దరి మధ్య. పార్టీకి ఇచ్చింది అలా కాదు. తిరిగి పెట్టేది పార్టీ సొంత జేబులోంచి కాదు. వీసా సంతకం, ఒప్పందం, విదేశాంగ విధానం, అన్నీ మీవీ నావీ.

మామయ్య: ఆ మాటకొస్తే మన దేశం సంగతి ఎత్తకు. విదేశీ చందాల చట్టాన్ని రెండు పెద్ద పార్టీలూ అతిక్రమించాయని 2014లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది, వేదాంత కంపెనీల డబ్బు విషయంలో. ఏం చేశారు? 2018లో చట్టాన్నే మార్చి, 1976 నాటినుంచి అమల్లో ఉన్నట్టు రాసుకున్నారు.

మేనకోడలు: అందుకే ఇక్కడైనా సరిగా ఉండాలంటున్నాను. ఇక్కడ 2018లో కొన్ని పనులు చేశారు. విదేశీ జోక్యాన్ని నేరం చేశారు, విదేశాల తరఫున పనిచేసేవాళ్ళు పేర్లు నమోదు చేసుకోవాలన్నారు, 2019 జనవరి నుంచి విదేశీ చందాలు ఆపారు.

మామయ్య: ఆపారా? చదువుకున్నదానివి, చెప్పు. విదేశీ దాత అంటే శాశ్వత నివాస హక్కు లేనివాడు. హువాంగ్‌కు అప్పట్లో ఆ హక్కుండేది. ఆ నిషేధం 2015లోనే ఉన్నా ఆయన చెక్కు చెల్లేది. ఎవరిని చూపించి చట్టం చేశారో ఆయనకే అది వర్తించేది కాదు. ఇక జోక్యం నేరం అన్నావు. మొదటి శిక్ష ఎవరికి పడింది? మెల్‌బోర్న్‌లో డి సాన్ డుఓంగ్ అనే ముసలాయనకు. వియత్నాంలో పుట్టిన చైనా మనిషి. కోవిడ్ రోజుల్లో రాయల్ మెల్‌బోర్న్ ఆసుపత్రికి 37,450 డాలర్లు చందా పోగుచేసి, మంత్రి చేతుల మీదుగా ఇప్పించాడు. 2024లో రెండేళ్ళ తొమ్మిది నెలల జైలు వేశారు. ఆసుపత్రికి చందా ఇచ్చినందుకు!

మేనకోడలు: ఆసుపత్రికి ఇచ్చినందుకు కాదు. ఆ మంత్రి రేపు ప్రధాని కావచ్చు, ఇప్పుడే మచ్చిక చేసుకోవాలని, బీజింగ్ కోసం చేశాడని జ్యూరీ నమ్మింది. అయినా మీ బాధ అర్థమవుతోంది. 37 వేల ఆయన జైలుకెళ్ళాడు. హువాంగ్‌తో 2016లో భోజనం చేసిన డటన్, ఆయన్ను బయటకు పంపిన శాఖకు అప్పట్లో మంత్రి. ఆ పరిచయం కోసం ఒక లాబీయిస్టుకు హువాంగ్ డబ్బిచ్చాడని 2019లో టీవీలో వస్తే, తప్పేమీ జరగలేదన్నాడు. అక్కడితో ఆగింది.

మామయ్య: అదీ! ఇప్పుడు దారికొచ్చావు.

మేనకోడలు: నేను మొదటినుంచీ ఇదే దారిలో ఉన్నాను. అందుకే 2025లో వచ్చిన చట్టాన్ని ఆహ్వానిస్తున్నాను. ఒక దాత ఒక పార్టీ శాఖకు ఏడాదికి 50 వేలు మించి ఇవ్వకూడదు. 5 వేలు దాటిన ప్రతి చందా బయటపెట్టాలి, అదీ ఏడాది తర్వాత కాదు, వచ్చే నెలలోనే. ఎన్నికల సమయంలో ఇంకా త్వరగా.

మామయ్య: శాఖకు 50 వేలా? ఒక్కో పెద్ద పార్టీకి ఎన్ని శాఖలు?

మేనకోడలు: రాష్ట్రాలవీ కేంద్రానిదీ కలిపి తొమ్మిది.

మామయ్య: తొమ్మిది యాభైలు నాలుగున్నర లక్షలు. నువ్వు పొద్దుటినుంచీ పట్టుకుని ఊగుతున్న ఆ నాలుగు లక్షలు ఇందులో హాయిగా ఇమిడిపోతాయి. ఇంకో యాభై వేలు మిగుల్తాయి కూడా. సరే, ఇచ్చింది నెలలో రాస్తారు. ఇస్తానని ఇవ్వనిది ఏ కాలంలో రాస్తారు?

మేనకోడలు: ఆ కాలం లేదు. అది నాకూ కొరుకుడు పడటం లేదు. కాన్‌రాయ్ తన మాట వెనక్కి తీసుకోలేదు, పార్టీ విధానమూ మారలేదు. కానీ ఫలానా దాత ఫలానా ఉపన్యాసానికి అలిగి నాలుగు లక్షలు ఆపాడని ఓట్లు వేసే ముందు జనానికి పార్టీ చెప్పలేదు. ఏడాది తర్వాత విలేఖరులు చెప్పారు. పెద్ద మొత్తం ఇస్తామని మాటిచ్చినా, ఆ మాట తప్పినా పట్టికలో రాయాలని ఎన్నికల వ్యవహారాల పార్లమెంటరీ కమిటీకి అర్జీ రాస్తున్నాను. మన సంఘం నుంచి మీరూ సంతకం పెట్టండి.

మామయ్య: పెడతాను. అందులో ఇంకొక పేరా రాయి. ఒక మనిషి నివాస హక్కు తీసేసేటప్పుడు ఏ ఆధారంతో తీశారో అతనికి చెప్పాలని, అతను కోర్టులో నిలబడి కాదనే వీలుండాలని రాయి. హువాంగ్ పేరు పెట్టి రాయి.

మేనకోడలు: ఆయన పేరు పెడితే మిగతా అర్జీ ఎవరూ చదవరు మామయ్యా.

మామయ్య: పెట్టకపోతే నా సంతకం ఉండదు.